మస్టాంగ్‌కు ఐదు నెలల నిద్ర: పడుకోబెట్టడం ఎలా, లేపడం ఎప్పుడు?

ప్రశ్న: మేం మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. ఈ ఏప్రిల్‌లో 2019 మస్టాంగ్ జీటీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆరు గేర్ల మాన్యువల్, పర్ఫార్మెన్స్ ప్యాకేజీ, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లు. రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలయ్యాక దాన్ని బయటికి తియ్యకూడదనుకుంటున్నాను. ఇంటికి ఆనుకుని రెండు కార్ల గ్యారేజీ ఉంది. హీటింగ్ లేదు, కరెంటు ప్లగ్గు ఉంది. రెండో కారు రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చే క్యామ్రీ. గుంటూరు నుంచి మా నాన్న వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచమంటున్నారు. ఇక్కడి ఫ్రెండేమో బ్యాటరీ వైరు పీకేస్తే చాలంటాడు. పైగా డిసెంబరు చివర్లో బయల్దేరి, సంక్రాంతి చేసుకుని, ఐదు వారాల తర్వాతగానీ రాం. ఏం చెయ్యాలి, ఏ వరసలో చెయ్యాలి?

జవాబు: ముందు మీ నాన్నగారి మాట తేలుద్దాం, ఎందుకంటే మిగతా పనులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీ విషయంలో అది వద్దు. నవంబరులో గ్యారేజీలో పెట్టాక ఏప్రిల్ దాకా ఆ స్టార్ట్ బటన్ ముట్టుకోకండి.

ఆయన చెప్పింది గుంటూరుకు సరైన మాటే. అక్కడ జనవరిలో కూడా పగలు ఎండ కాస్తుంది. స్టార్ట్ చేసిన బండిని ఎవరో ఒకరు బజారు దాకా తీసుకెళ్ళి వస్తారు, ఇంజిన్ బాగా వేడెక్కుతుంది. కార్బురేటర్ బళ్ళ కాలంలో అయితే గిన్నెలో పెట్రోలు ఆరిపోకుండా ఉండటానికి అదొక దారి. మీ గ్యారేజీలో ఈ రెండూ లేవు.

పెట్రోలు మండితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోలుకు సుమారు లీటరు నీరు, ఆవిరి రూపంలో. వేడి ఇంజిన్‌లో ఆ ఆవిరి పొగగొట్టం గుండా బయటికి పోతుంది. గడ్డకట్టే చలిలో పది నిమిషాలు ఐడిల్‌లో తిరిగే ఇంజిన్‌లో మాత్రం సైలెన్సర్ గోడలకు తగిలి నీరై అక్కడే నిలిచిపోతుంది. కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. చల్లని ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువే ఇస్తుంది కాబట్టి మండని పెట్రోలు కూడా ఆయిల్‌లోకే చేరుతుంది. కూలెంట్ ముల్లు మధ్యకొచ్చింది కదా అని మోసపోకండి. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలా సేపు పడుతుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఎగిరిపోవాలంటే 20 నిమిషాల పైన రోడ్డు మీద నడపాలి. చలికాలంలో 20 వారాలు 20 సార్లు అలా స్టార్ట్ చేస్తే, అక్టోబరులో డబ్బు పెట్టి పోయించిన కొత్త ఆయిల్‌లో మీరే నీళ్ళు కలిపినట్టు. స్టార్టర్ లాగిన కరెంటు కూడా పది నిమిషాల ఐడిల్‌లో బ్యాటరీకి పూర్తిగా తిరిగి రాదు.

ఇవన్నీ అలా ఉంచినా, మీ గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంది. ఇంజిన్ పొగలో ఉండే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గ్యారేజీ తలుపు ఎత్తిపెట్టినా అది వంటింటి వైపు తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, ఇక వాదించరు.

బ్యాటరీ

మీ ఫ్రెండ్ చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పాడు. కారు ఆపినా అలారం, రిమోట్ తాళం లాంటివి కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీయాంపియర్లు అనుకుందాం. రోజుకు 1.2 యాంపియర్ అవర్. 70 యాంపియర్ అవర్ల బ్యాటరీ నెల తిరిగేసరికి సగమవుతుంది, రెండో నెలకు ఖాళీ. మీరు ఇండియాలో ఉండే ఐదు వారాలు చాలు. ఖాళీ బ్యాటరీతో వచ్చే చిక్కు బండి స్టార్ట్ కాకపోవడం ఒక్కటే కాదు. పూర్తిగా ఛార్జైన బ్యాటరీలోని యాసిడ్ మిషిగన్‌లో ఎంత చలి పెట్టినా గడ్డకట్టదు. ఖాళీ అయినదాంట్లో దాదాపు నీరే మిగులుతుంది కాబట్టి సున్నాకు పది డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే గడ్డకట్టి, ప్లేట్లు వంగి, డబ్బా పగలొచ్చు. అలాంటి బ్యాటరీకి మళ్ళీ ఛార్జర్ తగిలించకూడదు, మార్చెయ్యడమే.

నెగటివ్ వైరు తీసేస్తే ఆ తాగుడు ఆగుతుంది. నిండా ఛార్జ్ చేసి వైరు తీసిన మంచి బ్యాటరీ చలిలో ఐదు నెలలు నిలుస్తుంది కూడా. కానీ మస్టాంగ్ తలుపుల అద్దాలకు పైన ఫ్రేమ్ ఉండదు. హ్యాండిల్ లాగగానే అద్దం కొద్దిగా కిందికి దిగి, తలుపు వేశాక మళ్ళీ పైకి వెళ్ళి రబ్బరులో కూర్చుంటుంది. కరెంటు లేకపోతే అది దిగదు. తలుపు తీసిన ప్రతిసారీ అద్దం రబ్బరును ఒరుసుకుంటుంది. ముందే అద్దం అరంగుళం దించి ఉంచుదామంటే ఎలుకకు దారి ఇచ్చినట్టే. ప్లగ్గు ఉన్న గ్యారేజీలో ఈ తిప్పలన్నీ ఎందుకు? బ్యాటరీ మెయింటెయినర్, అంటే బ్యాటరీ నిండగానే దానంతటదే ఆగే ఛార్జర్, పెట్టండి. ఒక యాంపియర్ దగ్గర్లో ఛార్జ్ ఇచ్చే చిన్నది చాలు, బ్యాటరీ టెండర్ గానీ నోకో జీనియస్ గానీ. పాత రకం ట్రికిల్ ఛార్జర్ మాత్రం వద్దు. అది నిండినా ఆగకుండా తోస్తూనే ఉంటుంది, యాసిడ్‌లో నీరు ఇగిరిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి బ్యాటరీ లేబుల్ చదవండి. ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచులో పట్టి ఉంచే రకం) అని ఉంటే ఛార్జర్‌ను ఆ మోడ్‌లో పెట్టాలి.

తగిలించే చోట చాలామంది పొరబడతారు. ఈ కారులో నెగటివ్ టెర్మినల్ దగ్గర బ్యాటరీ సెన్సర్ ఉంటుంది. లోపలికి వెళ్ళే, బయటికి వచ్చే కరెంటును లెక్కపెట్టడం దాని పని. ఛార్జర్ నల్ల క్లిప్పును నేరుగా నెగటివ్ పోస్టుకు పెడితే ఆ కరెంటు సెన్సర్ దాటకుండానే వెళ్తుంది, కారు లెక్క తప్పుతుంది. ఎరుపు పాజిటివ్ పోస్టుకు, నలుపు ఇంజిన్ బేలో పెయింటు లేని బాడీ బోల్టుకు. ఛార్జర్‌తో వచ్చే రింగు టెర్మినళ్ళ వైరును ఒకసారి బిగించేస్తే ఏటా ప్లగ్గు పెట్టడమే పని. వైరును బానెట్ అంచు కింద నలగకుండా ముందు గ్రిల్ లోంచి బయటికి తీయండి.

ఇంకో చిన్న విషయం. అమెరికాలో గ్యారేజీ ప్లగ్గులకు జీఎఫ్‌సీఐ రక్షణ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే ఏర్పాటు, ఉంటుంది. తేమకో, అదే లైన్ మీద ఉన్న ఇంకేదో పరికరానికో అది ట్రిప్ అయితే ఛార్జర్ ఆగిపోతుంది, మీరు గుంటూరులో అరిసెలు తింటుంటారు. వెళ్ళే ముందు రెండు చూసుకోండి. ప్లగ్గు పీకి మళ్ళీ పెడితే మెయింటెయినర్ దానంతటదే పని మొదలుపెడుతోందా, లేక బటన్ నొక్కాలా? నొక్కాల్సిన రకమైతే పది నిమిషాలు కరెంటు పోయినా అది మళ్ళీ లేవదు. రెండోది, తాళం చెవి ఉన్న ఫ్రెండ్ ఎవరైనా వారానికోసారి వచ్చి పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూస్తే చాలు. వైరు పీకెయ్యమన్న ఫ్రెండ్‌కే ఆ పని అప్పగించండి.

టైర్లు: అసలు ప్రమాదం ఇక్కడుంది

ఐదు నెలలు ఒకేచోట నిలబడితే టైర్లు అడుగున చదునవుతాయని అందరూ భయపడతారు. చదునవుతాయి, నిజమే. వసంతంలో మొదటి పది ఇరవై మైళ్ళు కారు కాస్త వణుకుతుంది, టైర్లు వేడెక్కాక మామూలుగా పోతుంది. మీ టైర్లకు అంతకంటే పెద్ద గండం వేరే ఉంది. పైలట్ స్పోర్ట్ 4ఎస్ వేసవి టైరు. దాని రబ్బరు వేడి రోడ్డును పట్టుకోవడానికి తయారైంది. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వస్తేనే గట్టిపడి పట్టు తగ్గుతుంది. 20 కిందికి, అంటే సున్నాకు ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే గాజులా పెళుసవుతుంది. ఆ స్థితిలో టైరును వంచితే ట్రెడ్ గాళ్ళ అడుగున సన్నని పగుళ్ళు వస్తాయి, దిమ్మల అంచులు రాలతాయి. ఇలా పగిలినదానికి వారంటీ వర్తించదు.

వంచడం అంటే నడపడం ఒక్కటే కాదు. గాలి కొట్టడం, అడుగు ముందుకూ వెనక్కీ నెట్టడం, రిమ్ము నుంచి ఊడదీయడం అన్నీ వంచడమే. ‘చదును పడకుండా నెలకోసారి కారును కొంచెం ముందుకు జరుపు’ అని ఎవరైనా సలహా ఇస్తే జనవరిలో అది పాటించకండి. చదును పోతుంది, పగులు పోదు.

కాబట్టి టైర్ల పని అంతా అక్టోబరులో, వాతావరణం 50 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉన్నప్పుడే ముగించాలి. రాత్రంతా నిలిచి చల్లబడ్డ టైర్లకు పొద్దున్నే 40 నుంచి 42 పీఎస్‌ఐ దాకా గాలి పట్టండి. టైరు పక్కన అచ్చైన గరిష్ఠ ఒత్తిడి అంకె చదివి, దాన్ని మాత్రం దాటొద్దు. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. 60 డిగ్రీల్లో 42 పెడితే 10 డిగ్రీల్లో 37 దగ్గరికి వస్తుంది, రబ్బరులోంచి మెల్లగా పోయేది దీనికి అదనం. ఎక్కువ గాలి పెట్టేది ఇందుకే. టైర్ల కింద మందపాటి ఫోమ్ పలకలో, వంపు తిరిగిన టైర్ క్రెడిల్సో వేస్తే మంచిది, వెయ్యకపోయినా కొంపేం మునగదు. గ్యారేజీ గోడకు కనిష్ఠ ఉష్ణోగ్రత గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి తగిలించండి. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలు బయటికంటే బాగా వెచ్చగా ఉంటాయి కాబట్టి 20 దాకా దిగకపోవచ్చు. దిగిందని తెలిస్తే కనీసం కారును కదపకుండా ఉంటారు.

జాకీ స్టాండ్ల మీద ఎత్తిపెట్టాలా అని అడగలేదుగానీ, ఎవరో ఒకరు చెబుతారు. అక్కర్లేదు. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలు వేలాడదీస్తే సస్పెన్షన్ చేతుల్లోని రబ్బరు బుష్‌లు నెలల తరబడి మెలితిరిగి ఉంటాయి. చక్రాలు విప్పి బేస్‌మెంటులో పెట్టాలని అంత పట్టుదలగా ఉంటే స్టాండ్లు సస్పెన్షన్ కింద పడేలా పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు నట్లకు టార్క్ రెంచ్‌తో 150 పౌండ్-ఫీట్ ఇవ్వాలి. మస్టాంగ్‌కు అది మామూలు కార్లకంటే ఎక్కువ అంకె, చేతి అంచనాకు రాదు.

ఆయిల్, పెట్రోలు

ఆయిల్ ఇప్పుడే మార్చాలా, ఏప్రిల్‌లో మార్చాలా అని తగువు పడేవాళ్ళున్నారు. ఇప్పుడే. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ, పెట్రోలు ఉంటాయి. బేరింగుల మీద ఐదు నెలలు కూర్చునేది శుభ్రమైన ఆయిలే అయ్యుండాలి. మీ ఐదు లీటర్ల ఇంజిన్‌కు 5డబ్ల్యూ-20 ఆయిల్ 10 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే దాదాపు లీటరు), మోటార్‌క్రాఫ్ట్ ఎఫ్‌ఎల్-500ఎస్ ఫిల్టర్. 2017 దాకా ఇదే జీటీకి 8 క్వార్ట్‌లే పట్టేవి, 2018 నుంచి 10 అయ్యాయి. పాత అలవాటున్న షాపువాళ్ళు 8 పోసి పంపిస్తే మీకు తెలియదు కూడా, అందుకని ఇంటికొచ్చాక డిప్‌స్టిక్ లాగి చూడండి. ఏప్రిల్‌లో మళ్ళీ మార్చనక్కర్లేదు. ఏడాది గడువు ఉంటుంది కాబట్టి వచ్చే అక్టోబరుకు సరిగ్గా సరిపోతుంది.

పెట్రోలు ట్యాంకు నింపి ఉంచాలి. మీ బంకులో దొరికే పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని తేమగాలి పగలూ రాత్రీ తేడాలకు చెమ్మగిలుతుంది, ఇథనాల్ ఆ చెమ్మను లాక్కుంటుంది. మరీ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు, సరిగ్గా పంపు పీల్చుకునే చోటికి చేరతాయి. ఈ కాలపు మూతబిగువు ట్యాంకుల్లో ఐదు నెలలకే అంతదూరం పోవడం అరుదు. అయినా ఒక సీసా స్టెబిలైజర్ ఖర్చుకు వెనకాడటం తెలివి కాదు. స్టా-బిల్ ఎర్ర రకానికి రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు లెక్క. మీ ట్యాంకు 16 గ్యాలన్లు, కాబట్టి ఆరున్నర ఔన్సులు. అదే కంపెనీ 360 రకం వేరు, దానికి ఐదు గ్యాలన్లకు ఒక ఔన్సు. సీసా మీద ఏముందో చదివి పొయ్యండి.

బంకులో ముందు స్టెబిలైజర్ పోసి, తర్వాత పెట్రోలు కొట్టించండి, బాగా కలుస్తుంది. మొదటి క్లిక్‌కు ఆపెయ్యండి. ఇంకా రెండు సార్లు నొక్కి గొంతు దాకా నింపే అలవాటుంటే మానుకోవాలి. పొంగిన పెట్రోలు ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి రాకుండా ఐ-96 ఎక్కి అరగంట తిరిగి రండి. స్టెబిలైజర్ కలిసిన పెట్రోలు ఇంజెక్టర్ల దాకా చేరుతుంది, సైలెన్సర్‌లోని తడి ఎగిరిపోతుంది, కొత్త ఆయిల్ బాగా వేడెక్కుతుంది. ఇదే చివరి ప్రయాణం కావాలి.

కడగడం దానికి ముందు. రోడ్డు మీద ఉప్పు పడకముందే, అడుగు భాగంతో సహా. కడిగిన కారును తడి బ్రేకులతో గ్యారేజీలో పెడితే ప్యాడ్లు డిస్కులకు తుప్పుతో అంటుకుంటాయి. ఆ హైవే ప్రయాణంలో పలుమార్లు మెత్తగా బ్రేకు వేస్తూ వస్తే అవి ఆరిపోతాయి. పక్షి రెట్టలు, పురుగుల మరకలు ఉంటే తీసేసి వ్యాక్స్ ఒక పూత వెయ్యండి. కూలెంట్ సగం సగం పాళ్ళలో ఉంటే సున్నాకు 37 డిగ్రీల సెల్సియస్ కిందిదాకా గడ్డకట్టదు. పాత యజమాని ఉత్త నీళ్ళు పోసి ఉంటే మాత్రం ఇంజిన్ పగులుతుంది, కొన్ని డాలర్ల టెస్టర్‌తో ఒకసారి చూసుకోండి. అద్దాల నీళ్ళ ట్యాంకులో వేసవి రకం ఉంటే సున్నాకు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందిదాకా పనిచేసే రకం పోసి, అది పైపుల్లోకి వచ్చేదాకా ఒకటి రెండుసార్లు చల్లండి.

హ్యాండ్ బ్రేకు వెయ్యకండి. మొదటి గేరులోనో రివర్సులోనో పెట్టి, వెనక చక్రానికి ముందూ వెనకా రబ్బరు చాక్‌లు పెట్టండి.

ఎలుకలు

మీ ఉత్తరంలో వీటి ఊసే లేదు. చలికాలంలో నిద్రపోయే కార్లను బాగుచెయ్యించే ఖర్చులో వీటి పద్దు చిన్నదేం కాదు. మిషిగన్ చిట్టెలుకకు పావంగుళం సందు, అంటే పెన్సిలు పట్టే కంత చాలు. అక్టోబరులో బయట చలి మొదలవగానే వెచ్చని, కదలని, మెత్తని చోటు వెతుకుతుంది. మీ కారు ఆ మూడు అర్హతలూ ఉన్న ఇల్లు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కడుతుంది, బానెట్ లోపలి అట్ట చింపి పరుపు చేసుకుంటుంది, వైర్ల తొడుగు కొరుకుతుంది.

కారుకంటే ముందు గ్యారేజీ చూడండి. మన ఇళ్ళల్లో సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు, కందిపప్పు, పిట్టల గింజలు గ్యారేజీ అరలోనే ఉంటాయి కదా. ఎలుకకు వాసన తెలిసిపోయాక ఇక ఏ మందూ పనిచెయ్యదు. బస్తాలు ఇంట్లోకి మార్చండి, లేదా బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాల్లో పొయ్యండి. గ్యారేజీ తలుపు కింది రబ్బరు మూలల్లో వెలుతురు కనిపిస్తే అదే వాటి ద్వారం. కారులో సీట్ల కింద పడ్డ మురుకుల ముక్కల దగ్గర్నుంచి టిష్యూ పెట్టె దాకా అన్నీ బయటికి, వ్యాక్యూమ్ లోపలికి.

చివరిసారి ఇంజిన్ ఆపే ముందు ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టండి, బయటి గాలి వచ్చే తలుపు మూసుకుంటుంది. తర్వాత రాగి మెష్ తెచ్చి నాలుగు పొగగొట్టాల్లోనూ, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి గాలి పీల్చే ముందు నోటిలోనూ ఉండలు చేసి కుక్కండి. స్టీల్ వూల్ (ఉక్కు పీచు) కూడా ఆపుతుందిగానీ తుప్పు పట్టి మరక చేస్తుంది. ప్రతి ఉండకు ఎర్ర రిబ్బను తోక వేలాడేలా కట్టి, ఎన్ని పెట్టారో కాగితం మీద రాసి స్టీరింగుకు టేపు అంటించండి. ఇది మరచిపోయి ఏప్రిల్‌లో స్టార్ట్ చేసేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

బోనుల విషయంలో పాతకాలపు స్ప్రింగ్ బోనుకు సాటి లేదు. శనగగింజంత పీనట్ బటర్ చాలు. ఎలుక గోడ వెంబడే పాకుతుంది కాబట్టి, ఎర ఉన్న కొస గోడను తాకేలా బోనును గోడకు అడ్డంగా పెట్టండి. ఐదారు బోనులు గోడల పొడవునా. ఎలుకల మందు పెట్టొద్దు. తిన్న ఎలుక చచ్చేది సీటు కిందో బ్లోయర్‌లోనో అయితే ఆ వాసనకు డాష్‌బోర్డు విప్పాల్సొస్తుంది. బట్టల్లో వేసే కలరా ఉండలు కారులో వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎలుక పోతుందో లేదోగానీ ఆ వాసన సీట్లలోంచి వేసవి దాటినా పోదు, పీల్చడం ఒంటికి మంచిది కూడా కాదు. పుదీనా నూనె, డ్రయ్యర్ షీట్లు కొద్ది రోజుల్లో వాసన పోగొట్టుకుంటాయి.

క్యామ్రీ తెచ్చే నీళ్ళు

రోజూ సాయంత్రం క్యామ్రీ చక్రాల గూళ్ళలో మంచు, ఉప్పు గ్యారేజీలోకి వచ్చి కరుగుతాయి. ఆ ఉప్పు నీరు నేల వాలును బట్టి మస్టాంగ్ కిందికి పారితే మీరు రోడ్డు మీదికి తియ్యకుండా కాపాడిందంతా వృథా. బకెట్ నీళ్ళు పోసి వాలు ఎటో చూడండి. క్యామ్రీ కింద అంచులు లేచిన గ్యారేజీ మ్యాట్ వేస్తే నీరు దాంట్లోనే నిలుస్తుంది, వారానికోసారి బయటికి తోసెయ్యవచ్చు. మస్టాంగ్ నిలిపే చోట నేల కాంక్రీటు చెమ్మగా ఉంటే 6 మిల్ (సుమారు 0.15 మిల్లీమీటర్ల మందం) పాలిథిన్ షీటు పరచి దాని మీద నిలపండి. లోపల వాడే కవరు గాలి ఆడే బట్టదై ఉండాలి. టార్పాలిన్ కప్పితే లోపలి తేమ బయటికి పోలేక పెయింటుకు అంటుకుని కూర్చుంటుంది. కవరు కప్పే ముందు కారు మీద దుమ్ము లేకుండా చూడండి, లేదంటే అది ఉప్పుకాగితం పని చేస్తుంది. కారు లోపల తేమకు సిలికా జెల్ సంచులు రెండు మూడు చాలు. నీరుగా మారి గిన్నెలోకి చేరే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు కారులో వద్దు. ఒలికితే అది ఉప్పే.

ఇన్సూరెన్స్ మొత్తం రద్దు చేసుకోవద్దు. చాలా కంపెనీలు కారు నడపని నెలలకు స్టోరేజ్ కవరేజీ ఇస్తాయి. అందులో కాంప్రహెన్సివ్ మిగులుతుంది, అంటే దొంగతనం, అగ్నిప్రమాదం, చాలా పాలసీల్లో ఎలుకల నష్టం కూడా. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు అనుమతి లేకుండా తగ్గించుకోలేరు. ఏజెంటుతో మాట్లాడినప్పుడు తిరిగి పూర్తి కవరేజీ మొదలయ్యే తేదీ రాతపూర్వకంగా తీసుకోండి. ఏప్రిల్‌లో ఎండ చూసి ఆత్రంగా స్టార్ట్ బటన్ నొక్కేది ఆ తేదీకి ముందే అయితే మీరు ఇన్సూరెన్స్ లేని కారు నడుపుతున్నట్టే.

లేపే రోజు

మార్చిలో 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఆదివారం ఒకటి వచ్చి ఊరిస్తుంది. రోడ్ల మీద ఉప్పు ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది, ఆగండి. రెండు మూడు పెద్ద వానలు రోడ్డును కడిగాక, రాత్రి చలి 40 డిగ్రీల పైన నిలిచాక తియ్యండి. గ్యారేజీ ఒక దశలో 20 కిందికి దిగి ఉంటే టైర్లు కనీసం 24 గంటలు 40 పైన వెచ్చబడ్డాకే వాటి గాలి ముట్టుకోవాలి. అప్పుడు డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉన్న అంకెకు దించండి.

కాగితం చూసి మెష్ ఉండలు లెక్కపెట్టి తియ్యండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. ఎలుక పెంటికలు, గూడు కనిపిస్తే పొడిగా ఊడ్చకండి, వ్యాక్యూమ్ పెట్టకండి, ఆ దుమ్ములో హంటావైరస్ ఉండొచ్చు. చేతి తొడుగులు వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్ళతో తడిపి, కొన్ని నిమిషాలాగి తుడవండి. ఆయిల్ మట్టం, బ్రేకు ఫ్లూయిడ్ మట్టం చూడండి. నేల మీద కొత్త మరక ఏదైనా ఉందేమో కారు కిందికి లైటు వేసి చూడండి. మెయింటెయినర్ తీసి, గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి స్టార్ట్ చెయ్యండి. మొదటి రెండు మూడు సెకన్లు ఇంజిన్ పైభాగంలో టకటక శబ్దం రావడం మామూలే, ఆయిల్ పైకి చేరేదాకా వస్తుంది. యాక్సిలరేటర్ నొక్కకండి. అర నిమిషం ఆగి, కారును బయటికి తెచ్చి, మెల్లగా నడపడం మొదలుపెట్టండి.

వీధి చివర దాకా వెళ్ళకముందే, వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు రెండుసార్లు తొక్కి చూడండి. డిస్కుల మీది పలచని తుప్పు గరగరమని శబ్దం చేసి నాలుగైదు బ్రేకులకు పోతుంది. పది మైళ్ళయినా పెడల్ కొట్టుకుంటుంటే ప్యాడ్ల అచ్చు డిస్కు మీద పడిందని అర్థం, అది మెకానిక్‌కు చూపించాలి. టైర్ల వణుకు ఇరవై మైళ్ళ తర్వాత కూడా ఉంటే బ్యాలెన్సింగ్ చెయ్యించండి.